గీతలు పడిన కెమెరా ఉందా?

ఫుల్ ఫ్రేమ్ అనే మాట నేను మొదటిసారి విన్నది నెల్లూరులో పళ్ల డాక్టరుగారి కుర్చీలో, నోరు తెరుచుకుని ఉన్నప్పుడు. ఆయనకు ఫోటోల పిచ్చి. ఆసుపత్రి గోడల నిండా పక్షులే. నేనూ సెలవు రోజుల్లో ఫోటోలు తీస్తానని నర్సు ద్వారా తెలిసి, ఏ కెమెరా అని అడిగారు. దూది కుక్కిన నోటితో ఎలాగో చెప్పాను. ఆయన జాలిగా తల ఊపారు.

"అది చిన్న సెన్సరు కదమ్మా. కిటికీలోంచి లోకాన్ని చూస్తున్నట్టు. ఫుల్ ఫ్రేమ్ అంటే తలుపు తీసుకుని వీధిలోకి వచ్చినట్టు."

కిటికీలోంచే తొమ్మిదేళ్లుగా హాయిగా చూస్తున్నానని చెబుదామనుకున్నాను. ఆ సమయానికి ఆయన వేళ్లు నా నోట్లో ఉన్నాయి. ఎదురు చెప్పలేని స్థితిలో విన్న మాట మనసులో ఎంత లోతుగా దిగుతుందో ఆ రోజు తెలిసింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఇందుకూరుపేట దగ్గర మాకు రొయ్యల గుంటలున్నాయి. ఆయన లోకం అదే. నేను పక్క ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కెమెరా లోపల వెలుతురును పట్టే పలక ఒకటి ఉంటుందనీ, నాదాంట్లో అది తపాలా బిళ్లంత అనీ, ఫుల్ ఫ్రేమ్‌లో దానికి రెండింతలు ఉంటుందనీ, చీకట్లో కూడా బొమ్మ శుభ్రంగా వస్తుందనీ వివరించాను. ఆయన ఓపిగ్గా విని, ఇప్పుడున్నదానికి ఏమైందని అడిగారు. ఏమీ కాలేదన్నాను. మరి అన్నారు. అంతటితో ఆ చర్చ ముగిసింది.

నాలో మాత్రం ముగియలేదు. నెల రోజులు వీడియోలు చూశాను. ఒకాయన వెంటనే కొనమంటాడు, ఇంకొకాయన పొరపాటున కూడా కొనొద్దంటాడు. ఇద్దరి చేతుల్లోనూ ఫుల్ ఫ్రేమే ఉంది. లెక్కల టీచరును కాబట్టి నోటుపుస్తకంలో నిలువుగా ఒక గీత గీసి, ఒకవైపు కొనడానికి కారణాలు, ఇంకోవైపు వద్దనడానికి కారణాలు రాశాను. కొనడానికి ఏడు తేలాయి. వద్దనడానికి ఒక్కటే, 'ఉన్నదానికి ఏమీ కాలేదు' అన్నది. ఎన్నిసార్లు చూసినా ఆ ఒక్కటే బరువుగా కనిపించేది.

రెండో పన్ను కోసం వెళ్లినప్పుడు డాక్టరుగారు తన దగ్గరున్న రెండో కెమెరా నా చేతిలో పెట్టి, వారం రోజులు వాడి చూసి చెప్పమన్నారు. వద్దనలేకపోయాను. రెండు తువ్వాళ్లలో చుట్టి, స్కూటరు ముందు కాళ్ల దగ్గర పెట్టుకుని, గుంత కనిపించిన ప్రతిచోటా ఆగి దాటించి ఇంటికి తెచ్చాను. గడపలో మా ఆయన చూసి, "ఏంది, పసిబిడ్డను తెచ్చినట్టు తెస్తుండావు?" అన్నారు.

మర్నాడు పొద్దున మా గుంట గట్టు మీదకు వెళ్లాను. నీళ్లలో పాతిన కర్ర మీద రోజూ ఒక లకుముకి పిట్ట కూర్చుంటుంది. నా లెన్సే ఆ కెమెరాకు తగిలించి ఫోటో తీశాను. గుంట వచ్చింది, గట్టు వచ్చింది, అవతలి కొబ్బరి చెట్లూ వచ్చాయి. పిట్ట మాత్రం ఆవగింజంత. సంగతేమిటంటే, నా చిన్న సెన్సరు చుట్టూ కత్తిరించి నడిమధ్యది మాత్రమే ఇస్తుంది కాబట్టి ఇన్నాళ్లూ పిట్ట దగ్గరగా ఉన్నట్టు కనిపించేది. తలుపు తీసుకుని వీధిలోకి వస్తే పిట్ట వీధి చివరికి వెళ్లిపోయింది. మా ఆయన తెర మీదికి వంగి, పిట్ట ఏదని అడిగారు. గోటితో చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగారు. అదే ఎక్కువ బాధించింది.

ఆదివారం తెల్లవారుజామున మైపాడు బీచికి వెళ్లాను. అక్కడ చేపలమ్మే ఒక అక్క నాకు ఏడేళ్లుగా తెలుసు. వాళ్ల కుటుంబం ఒడ్డు నుంచి లాగే అలివి వల వేస్తుంది. పడవ మీద వెళ్లి వల వేసొచ్చాక, రెండు చివరల తాళ్లనూ ఒడ్డునుంచి ఇరవై ముప్ఫై మంది లాగుతారు. నేను వెళ్తే చున్నీ నడుముకు కట్టుకుని, పాత కెమెరాను వీపు మీదికి తోసి నాలుగు పట్లు లాగేదాన్ని. మధ్యలో ఎప్పుడో చేతికి తీసుకుని రెండు ఫోటోలు కొట్టేదాన్ని. సగం వంకరగా వచ్చేవి, లెన్స్ మీద నీటి చుక్కలుండేవి. వాళ్లు మాత్రం నన్ను పట్టించుకునేవారు కారు.

ఆ రోజు నురగ తాకని దూరంలో, కెమెరాకు ప్లాస్టిక్ సంచి తొడిగి నిలబడ్డాను. మొదట నన్ను గుర్తుపట్టినట్టు లేరు. ఒకాయన వచ్చి, ఇళ్ల పట్టాలకు రాసుకుంటున్నారా అని అడిగాడు. ఇద్దరు పెద్దవాళ్లు తాడు వదిలేసి చొక్కా గుండీలు పెట్టుకున్నారు. అక్క కోడలు తల దువ్వుకుని వచ్చింది. పది నిమిషాల్లో ఒక వరుస తయారైంది. ఇరవై ఫోటోలు తీశాను. ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు, కానీ ప్రతి మొహమూ రేషన్ కార్డు మీద మొహంలా ఉంది.

వల ఒడ్డు చేరాక అక్క నెత్తళ్ల చేపలు బుట్టలోకి ఎత్తుతూ నా వైపు చూసింది.

"ఏంది టీచరమ్మా, ఈరోజు తాడు పట్టుకోలేదే?"

"ఇది డాక్టరుగారిదక్కా. ఉప్పునీళ్లు పడితే పాడైపోద్ది."

"అట్టయితే దాన్ని ఇంట్లో పండబెట్టి నువ్వు రావాల్సింది."

నిజమే అనిపించి నవ్వాను. ఆమె నవ్వలేదు. కొంచెం నొచ్చుకున్నట్టే ఉంది. బుట్ట నిండాక మాత్రం, అంత పెద్ద కెమెరా అయితే వాళ్లమ్మను తీస్తుందేమో చూడమంది. ఆమె తల్లి బాగా ముసలిది, ఇల్లు కదలదు. అంతకుముందు నా పాత కెమెరాతో రెండుసార్లు ప్రయత్నించాను. ఆమె ఉండే గదికి జానెడు కిటికీ ఒక్కటే. బొమ్మ అంతా ఇసుక చల్లినట్టు వచ్చింది. ఫ్లాష్ వేస్తే ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, తెరవమంటే తిట్టింది.

మేం వెళ్లేసరికి అవ్వ చాప మీద కూర్చుని చిన్న రోట్లో ఆకూ వక్కా దంచుకుంటోంది. నోట్లో ఒక్క పన్నూ లేదు. కిటికీలోంచి కాస్త వెలుతురు ఒక చెంప మీద పడుతోంది. నేను గోడకు ఆనుకుని కూర్చుని మూడు ఫోటోలు తీశాను. తెర మీద చూసుకున్నాను. ఇసుక లేదు, మసక లేదు. ముడతల్లో వెలుతురూ నీడా, రోకలి పట్టుకున్న వేళ్లూ, పెదవి అంచున తాంబూలపు ఎరుపూ అన్నీ ఉన్నాయి.

అవ్వకు చూపించాను. చాలాసేపు చూసింది.

"మాయమ్మ ఇక్కడికెట్టా వచ్చింది?" అంది.

"నువ్వేనమ్మా అది. ఇప్పుడే గదా తీసింది" అంది అక్క.

అవ్వ నమ్మలేదు. అద్దం చూసుకుని ఎన్నేళ్లయిందో. వేలితో తెర మీద చెంప తడిమి, మళ్లీ తన చెంప తడుముకుంది. తర్వాత మళ్లీ దంచడం మొదలుపెట్టింది.

వారం కాగానే కెమెరాను మూడుసార్లు తుడిచి డాక్టరుగారికి ఇచ్చేశాను. పిట్ట చిన్నదైపోయిందని చెప్పాను. దానికి ఇంకా పెద్ద లెన్స్ కావాలన్నారు. అది మోయడానికి స్టాండు, స్టాండుకు తగ్గ సంచి. చీర కొంటే బీరువా కొనమని, బీరువా కొంటే ఇల్లు కట్టమన్నట్టుంది. ఆ రోజే వద్దనుకున్నాను. వద్దనుకుంటే ఎంత ప్రశాంతమో చెప్పలేను. రెండు నెలలు వీడియోలు కూడా చూడలేదు.

అవ్వ ఫోటో మాత్రం నెల్లూరులో పెద్దదిగా అచ్చువేయించి, ఫ్రేము కట్టించి తీసుకెళ్లాను. ఇంటిల్లిపాదీ మూగారు. అక్క కొడుకు సుత్తి తెచ్చి ముందు గదిలో మేకు కొట్టాడు. చప్పుడు విని లోపలి గదిలోంచి అవ్వ ఏంటని అడిగింది. నీ ఫోటో గోడకు పెడుతున్నామని మనవడు గట్టిగా చెప్పాడు.

"బతికుండంగానే నన్ను గోడకెక్కిస్తారంట్రా?"

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. ఆ గోడ మీద అప్పటికే ఉన్న రెండు ఫోటోలకూ దండలున్నాయన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. మేకు పీకేశారు. ఫోటోను లోపలికి తెప్పించుకుని, చాప పక్కన గోడకు ఆనించి పెట్టించుకుంది, మనిషి ఎదురుగా కూర్చున్నట్టు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది.

"ఆ పెద్ద కెమెరా తీసుకురా అమ్మణ్ణీ. మా బిడ్డను కూడా ఇట్టాగే తియ్యి. దానికీ వయసు పైబడతుండాది."

అక్క మొహం పక్కకు తిప్పుకుంది.

"అది నాది కాదవ్వా."

"మరెవురిది? నువ్వే గదా తీసినావు."

స్కూటరు మీద ఇంటికొచ్చే దారంతా ఆ మాటే. నోటుపుస్తకంలో నేను రాసిన ఏడు కారణాల్లో ఇది లేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర కొంటానని చెప్పాను. ఈసారి మా ఆయన ఉన్నదానికి ఏమైందని అడగలేదు. ఉప్పునీళ్లు పడితే ఏం చేస్తావన్నారు. అది అసలైన ప్రశ్న. కొత్తది కొంటే మళ్లీ నురగకు దూరంగా, దానికి సంచి తొడిగి నిలబడేది నేనే.

అందుకే పాత కెమెరాలమ్మే షాపుకు వెళ్లాను. అతను అద్దాల బీరువాలోంచి మెరిసిపోతున్నది తీసి, ఒక్క గీత కూడా లేదు మేడమ్ అన్నాడు. గీతలు పడినది ఉందా అని అడిగాను. బేరం ఆడడానికి కొత్త ఎత్తు అనుకున్నట్టున్నాడు. ఇంకోటి తీశాడు, అదీ నిగనిగలాడుతోంది. వద్దన్నాను. చివరికి బల్ల కింద నుంచి ఒకటి పైకొచ్చింది. ఎవరో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు వాడి వాడి వదిలేసినది. మూల నొక్కుకుపోయి ఉంది, పట్టుకునే చోట రబ్బరు లేచిపోయింది, పేరులో రెండక్షరాలు అరిగిపోయాయి. నాలుగు ఫోటోలు తీసి చూశాను. లోపల శుభ్రంగా ఉంది. ఇది చూడ్డానికి బాగుండదు మేడమ్ అని అతను రెండుసార్లు హెచ్చరించాడు. నేను దాన్ని తువ్వాలు లేకుండా సంచిలో వేసుకుంటుంటే అతనే చెయ్యి అడ్డం పెట్టాడు.

పిట్టలకు ఇప్పటికీ పాతదే. ఈ రెండోది కొన్న వారానికే అక్క ఇంటికి వెళ్లాను. ఆమె పట్టుచీర కట్టుకుని, పౌడరు రాసుకుని, ఆ జానెడు కిటికీ పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది. పదకొండు తీశాను, అన్నీ కొయ్యబొమ్మలే. తల్లి చాప మీద నుంచి విసుక్కుంటూనే ఉంది. అంతలో వాకిట్లో ఎవరో ఎండు చేపలు బేరమాడుతూ, మరీ తక్కువకు అడిగారు. అక్క గభాలున కిటికీ వైపు తిరిగి చెయ్యి చాచి అరిచింది. అప్పుడు నొక్కాను.

అక్కకు చూపిస్తే, నోరు తెరుచుకుని ఉండానే, ఇంకోటి తియ్యమంది. అవ్వ కెమెరా తన చేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదే ఉండనీ" అంది. "ఇదే మా బిడ్డ."