కల్దారును హాలీ అని చదివాను

బీరువా కింది అరలో నలభై ఆరు నోటుబుక్కులు ఉన్నాయి. ఏడాదికొకటి చొప్పున, అట్ట మీద సంవత్సరం రాసి వరుసగా పెట్టాను. మొదటి ఏడు ఉర్దూలో ఉంటాయి. నేను చదువుకున్నది నిజాం కాలపు బడిలో, అప్పటికి చేతికి బాగా వచ్చిన లిపి అదే. ఆ ఏడింటిలో మూడోది తీసినప్పుడల్లా ఒక పేజీ దగ్గర నా వేలు ఆగిపోతుంది. ఆ పేజీ సంగతి నా భార్యకు తెలుసు. ఆమె పోయింది. ఇంట్లో ఇంకెవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను చెన్నూరులో బడిపంతులును. మా బాపు చొప్పదండి దగ్గర రెండెకరాలు దున్నుకునేవాడు. సరిగ్గా దుక్కుల ముందు ఎద్దు చచ్చిపోయిందని కబురు వచ్చింది. నిజాం సర్కారు పోయిన కొత్తలో జీతాలు ఆగి నాలుగు నెలలైంది. బజారులో మేము సామాను తెచ్చుకునే షావుకారు దగ్గరికి వెళ్ళి అప్పు అడిగాను.

"ఎంత గావాలె సార్?" అన్నాడు.

"నూట ఇరవై."

"నా తాన కల్దార్లే ఉన్నయి. మొన్న నది అవతల సిరొంచల బియ్యం అమ్మిన పైసలు. తీసుకుంటరా?"

ఈ మాట ఇప్పటివాళ్ళకు కొంచెం విప్పి చెప్పాలి. ఆ రోజుల్లో మా దిక్కు రెండు రకాల రూపాయలు నడిచేవి. నిజాం సర్కారువి హాలీ రూపాయలు, ఇండియా సర్కారువి కల్దార్లు. ఆరు కల్దార్లు కావాలంటే ఏడు హాలీలు ఇవ్వాలి. మా జీతాలు హాలీలో వచ్చేవి. నది దాటి వ్యాపారం చేసే షావుకారు చేతిలో మాత్రం కల్దార్లు ఆడేవి. అంటే నేను తీసుకున్న నూట ఇరవై కల్దార్లు హాలీలో తీర్చాలంటే నూట నలభై కావాలి.

గుమాస్తా కాగితం తీయబోతే షావుకారు ఆపాడు. "సార్‌కు కాయితమెందుకు? ఆయనే దినాం రాసుకుంటడు." వడ్డీ ఎంత అని నేను అడిగితే, "పంతులు తాన మిత్తి తీసుకుంటే మా పొల్లగాండ్లకు సదువంటుతదా?" అని నవ్వాడు.

నేను రోజూ రాస్తానన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. వాన ఏ రోజు పడింది, వాగు ఏ రోజు పొంగింది, ఎవరింట్లో ఎప్పుడు పురుడొచ్చింది, ఎవరి పొలం ఏ నెలలో కౌలుకు పోయింది, నా చెవిన పడ్డవన్నీ అందులో ఉండేవి. తగువు వస్తే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. "సార్ బుక్కుల సూడున్రి" అంటే నేను సంచిలోంచి తీసి చదివేవాడిని. నేను చదివాక మళ్ళీ వాదన ఉండేది కాదు. ఆ మర్యాద నాకు జీతం కంటే ఎక్కువగా ఉండేది.

ఆ రోజు రాత పొడిగా ఉంది. "షావుకారు వద్ద కల్దార్ నూట ఇరవై తీసుకున్నాను. బాపుకు ఎద్దు కోసం. మిత్తి లేదు."

ఏడాది తిరగకముందే ఆగిన జీతాలన్నీ ఒకేసారి వచ్చాయి. నూట నలభై హాలీలు లెక్కపెట్టి, గుడ్డసంచిలో కట్టి, పెట్టె అడుగున పెట్టాను. ఆ వారమే బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన సెలవు మీద ఊరికి వచ్చి, తన చేతి గడియారం ఇరవై హాలీలకు అమ్ముతానన్నాడు. పంతులన్నాక గడియారం ఉండాలి, బడి గంట సమయానికి కొట్టాలి అని నాకు నేనే చెప్పుకున్నాను. బడి గోడకు అప్పటికే ఒక గడియారం ఉంది. సరిగ్గానే నడిచేది.

గుడ్డసంచిలో నూట ఇరవై మిగిలాయి. ఇరవై తక్కువయ్యాయి, వచ్చే నెల ఇస్తానని చెప్తే షావుకారు కాదనేవాడు కాదు. కానీ ఆ మాట అనేటప్పుడు ఆయన నా చేతివైపు చూస్తాడు. అది తలచుకునే చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కుని దుకాణానికి పోయాను.

ఆయన సంచి విప్పి, నాలుగు రూపాయలు అరచేతిలో పోసుకుని చూశాడు.

"సార్, ఇవి హాలీలు."

"అవును."

"నేనిచ్చినయి కల్దార్లు."

ఇరవై తక్కువయ్యాయని చెప్పాలని దారిలో అనుకున్న మాట కాదు, నోటికి వచ్చిన మాట అనేశాను. "లేదు, హాలీలే ఇచ్చిన్రు."

ఆయన కోపగించుకోలేదు. కాసేపు పైకప్పు వైపు చూశాడు. "నాది ముసలి పానం. యాది తప్పుతుండొచ్చు. మీ బుక్కు తెచ్చిన్రా? అండ్ల ఏముంటే గదే."

బుక్కు సంచిలోనే ఉంది. అది లేకుండా నేను బయటికి వెళ్ళేవాడిని కాను. తీశాను. పేజీ తెరిచాను. కల్దార్ అన్న మాట మీద వేలు పెట్టి, "హాలీ నూట ఇరవై" అని పైకి చదివాను. షావుకారుకు ఉర్దూ రాదు.

చదివి తలెత్తేసరికి భుజం పక్కన ఎవరో ఉన్నట్టనిపించింది. గుమాస్తా. పై అరలోని తూకపురాళ్ళు తీసుకోవడానికి వచ్చి నా వెనక నిలబడ్డాడు. అతను ఈ దుకాణంలో చేరకముందు తహసీలు కచేరీలో కాగితాలు రాసినవాడు. అతనికి ఉర్దూ వచ్చని నాకు తెలుసు. వెనక ఉన్నాడని తెలియదు. అతను కళ్ళద్దాలు సర్దుకుని పేజీ చూశాడు, నా ముఖం చూశాడు, రాళ్ళు తీసుకుని తన చోటికి వెళ్ళి కూర్చున్నాడు.

"అయితే తప్పు నాదే," అన్నాడు షావుకారు. "బాకీ తీరింది సార్."

ఆ పొద్దు నోటుబుక్కులో రాసింది ఒక్క వాక్యం. "షావుకారు బాకీ మొత్తం తీరింది." అప్పటిదాకా ఆ బుక్కుల్లో నేను పొరపాటు రాసి ఉంటాను గాని, తెలిసి అబద్ధం రాయలేదు.

నన్నెవరూ ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత నా భార్య ఖాళీ సంచితో తిరిగి వచ్చింది.

"పైసలిస్తేనే బెల్లమన్నడు గుమాస్త. మొన్నటిదాక ఖాతాల రాసుకునెటోడు గద."

"కొత్త పద్ధతి పెట్టిన్రు కావచ్చు."

"నా ముంగటనే పక్కింటామెకు రాసుకున్నడు. గా పద్ధతి మనకొక్కలకేనా?"

ఆ తర్వాత సామానుకు నేనే వెళ్ళడం మొదలుపెట్టాను. గుమాస్తా ఎప్పటిలాగే "రాండ్రి సార్" అనేవాడు. తూకంలో తేడా ఉండేది కాదు. సామాను పొట్లం కట్టి గల్లా పక్కన పెట్టి, దాని మీద చెయ్యి ఉంచేవాడు. నేను పైసలు పెట్టాక ఆ చెయ్యి తీసేవాడు. నెల తిరిగేసరికి బజారులో ఇంకో రెండు దుకాణాల్లో పొట్లాల మీద చేతులు చూశాను. బట్టల కొట్టు ఆయన అయితే బట్ట తాను విప్పకముందే ధర చెప్పి ఆగేవాడు.

ఇది ఓర్చుకున్నాను. ఇంకొకటి ఓర్చుకోలేకపోయాను. ఒకరోజు ఇద్దరు రైతులు కౌలు గడువు గురించి తగువు పడుతూ బడి ముందుకు వచ్చారు. ఒకాయన, "సార్ బుక్కుల ఉంటది, సూపిద్దాం నడు" అన్నాడు. రెండో ఆయన బీడీ విదిలించి, "సార్ బుక్కుల సార్‌కు ఏది గావాలంటే గది ఉంటది" అన్నాడు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేను లోపల నల్లబల్ల తుడుస్తున్నాను. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను. ఆ తర్వాత బుక్కు చూడమని నన్ను ఎవరూ అడగలేదు.

ఇట్లా ఏడాదిన్నర గడిచింది. ఒకనాడు ఉట్నూర్‌కు బదిలీ అయినట్టు కాగితం వచ్చింది. అడవి ప్రాంతం, జీతం రెండు మూడు నెలలకోసారి చేరుతుందని అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళు చెప్పారు. అప్పుగా సామాను ఇచ్చే దుకాణం లేకపోతే అక్కడ ఇల్లు నడవదు. ఉట్నూర్‌లో పెద్ద దుకాణం మా షావుకారు మేనల్లుడిది. కొత్తగా వచ్చే ఉద్యోగి ఎట్లాంటివాడో పాత ఊరి వర్తకుడు ఒక కార్డు ముక్క రాయడం వాళ్ళలో మామూలు. నా భార్యకు అప్పుడు ఆరో నెల.

ఆమె బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "ఉట్నూర్ల మూడు నెలలు ఏం తింటం? గా గడియారం తింటమా?"

"నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పాలె? బజారందరికి తెలుసు. మీరు చెప్తరేమోనని సూస్తున్న, గంతే."

అప్పుడు చెప్పాను. ఆమె తిట్టలేదు. "గది అమ్మి ఆయన పైసలు ఆయనకియ్యిన్రి" అని మళ్ళీ బియ్యం ఏరుకుంది.

ఒక సంగతి దాచకుండా రాయాలి. ఏడాదిన్నర పాటు పశ్చాత్తాపం ఆ బాకీ కోసం నన్ను షావుకారు గడప తొక్కించలేదు. ఉట్నూర్ భయం తొక్కించింది.

గడియారం పన్నెండు కల్దార్లకు పోయింది. మిగతాది నా భార్య బియ్యం కుండలోంచి తీసి ఇచ్చింది. ఇరవై హాలీలకు కల్దారులో పదిహేడు రూపాయల రెండణాల మూడు పైసలు. అవి రుమాలులో కట్టుకుని వెళ్ళాను. తొందరలో అది వారపు అంగడి రోజన్న సంగతి ఆలోచించలేదు. దుకాణం అరుగు నిండా మనుషులున్నారు. తిరిగి పోదామనుకున్నాను, కాని షావుకారు అప్పటికే చూశాడు.

రుమాలు ఆయన ముందు పెట్టాను.

"ఏం పైసలు సార్ ఇవి?"

"బాకీ. ఇరవై హాలీలు తక్కువిచ్చిన గద."

"బాకీ తీరింది. మీరే బుక్కుల చదివిన్రు."

"తప్పు చదివిన," అన్నాను మెల్లగా.

"వినబడ్తలేదు సార్." ఎత్తిపొడుపు కాదు, ఆయనకు నిజంగానే చెవి కొంచెం మందం.

"తప్పు చదివిన" అని మళ్ళీ అన్నాను. అరుగు మీదివాళ్ళు ఇటు తిరిగారు.

షావుకారు రుమాలు నావైపు జరిపాడు. "బుక్కుల లేని బాకీ నేనెట్ల తీసుకుంట? బుక్కు తీయిన్రి. ఉన్నది ఉన్నట్టు చదువున్రి. గప్పుడు తీసుకుంట."

పాత ఏడాది బుక్కు ఇంట్లో ఉంది. దాని కోసం అంత బజారు దాటుకుంటూ పోయి, మళ్ళీ దాటుకుంటూ వచ్చాను. ఎవరూ అరుగు మీది నుంచి లేవలేదు. గుమాస్తా వచ్చి నా పక్కన నిలబడ్డాడు, ఈసారి నాకు కనబడేటట్టే. నేను చదివాను. "కల్దార్ నూట ఇరవై."

"ఇయ్యాల సక్కగ చదివిన్రు," అన్నాడతను. తర్వాత, "పైసలు కట్టిన నాటి పేజీ గూడ చదువున్రి సార్."

అది నేను అనుకోలేదు. పేజీలు తిప్పాను. "షావుకారు బాకీ మొత్తం తీరింది." అరుగు మీద ఎవరో, "సార్‌కు అక్షరాలు ఇప్పుడు వచ్చినట్టున్నయి" అన్నారు. ఎవరో చూడలేదు. నా కళ్ళు పేజీ మీదే ఉన్నాయి. కలం తీసి ఆ వాక్యం కొట్టేయబోయాను.

షావుకారు నా చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టెయ్యకున్రి. మా ఖాతాలల్ల ఎన్నడు కొట్టెయ్యం. తప్పు రాస్తే గది అట్లనే ఉంటది. కింద దినం ఏసి సరైంది రాస్తం. కొట్టేస్తే ఏం తప్పో ఎనుక సూసెటోళ్లకు ఎట్ల తెలుస్తది?"

అక్కడే, అందరి ముందు, కింద తేదీ వేసి రెండు వరుసలు రాశాను. ఆయన రుమాలు విప్పి పైసలు లెక్కపెట్టుకున్నాడు. ఉప్పు కావాలని అడిగాను. గుమాస్తా తూచి పొట్లం కట్టి, దాని మీద చెయ్యి పెట్టాడు. అణా ఇచ్చాక తీశాడు.

"రాసుకున్నడా?" అని ఇంటి దగ్గర నా భార్య అడిగింది. లేదన్నాను.

ఉట్నూర్ చేరిన మూడో రోజు మేనల్లుడి దుకాణానికి వెళ్ళాను. చేతిలో మూడు రూపాయలున్నాయి. సామాను చెప్పి, పొట్లాలు కడుతున్నంతసేపూ ఆయన చేతులనే చూశాను. ఆయన ఇనుప తీగకు గుచ్చిన కార్డుల్లోంచి ఒకటి లాగాడు.

"చెన్నూరు సార్ మీరేనా? మా మామ రాసిండు. సదువుత, ఇనున్రి. 'సార్ ఒకసారి తప్పు చదివిండు. ఏడాదిన్నరకు తానే వచ్చి అంగడి దినం నలుగుర్ల సరిగ్గ చదివిండు. ఇరవై రూపాయల దాక రాసుకో.'"

"ఇరవై దాటితే?" అని అడిగాను.

"దాటితే బుక్కు తెచ్చి సదువుమంట," అని ఆయన గట్టిగా నవ్వి, పొట్లాలు నావైపు తోశాడు. నాకు నవ్వు రాలేదు. పొట్లాలు సంచిలో వేసుకుని, మూడు రూపాయలూ అట్లాగే పట్టుకుని వచ్చాను.

ఉట్నూర్‌లో నాలుగేళ్ళున్నాను. పాప అక్కడే పుట్టింది. జీతం వచ్చిన రోజే దుకాణానికి పోయి కట్టేవాడిని. ఆయన ఇరవైని పెంచలేదు, నేను అడగలేదు. ఆ కార్డు మాత్రం నేను ఉన్నన్నాళ్ళూ ఆ తీగకే వేలాడింది.

మూడో నోటుబుక్కులో ఆ అబద్ధపు వాక్యం ఇంకా ఉంది. సిరా వెలిసిపోలేదు. కింద రాసిన రెండు వరుసలే కొంచెం అలుక్కుపోయాయి. మా ఇంట్లో ఇప్పుడు ఉర్దూ చదవగలిగేవాళ్ళు ఎవరూ లేరు. నేను పోయాక ఆ పేజీని ఎవరు ఎట్లా చదివినా అడిగేవాడు ఉండడు. అందుకని తెలుగులో రాసి పెడుతున్నాను.