తడిపిన గోనెసంచి

చాచా పోయాడన్న కబురు నాకు జగిత్యాల ఆస్పత్రి వరండాలో తెలిసింది. అప్పుడు నా చేతిలో పేడాల డబ్బా ఉంది. ముందు రోజే నా బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు, మొక్కని దేవుడు లేడనిపించుకున్నాక పుట్టింది. నా సంబురం ఏమని రాయను! నర్సమ్మలకు ఇచ్చాను, ఊడ్చే అమ్మకు ఇచ్చాను, ఎవరికోసమో వచ్చి గేటు దగ్గర నిలబడ్డ ఆటో డ్రైవర్లను పిలిచి మరీ ఇచ్చాను. నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. అంతలో ఫోను మోగింది. కోరుట్ల నుంచి చాచా పెద్దకొడుకు.

"కాకా, అబ్బా పోయిండు. పొద్దుగాల నమాజు చేసుకొని గోడకు ఒరిగి కూసున్నడు. చాయ్ తెచ్చేవరకు..." అని ఆగిపోయాడు.

నోట్లో పేడా అట్లాగే ఉంది. మింగబుద్ధి కాలేదు, ఉమ్మబుద్ధి కాలేదు. ఒక్క నోటికి తీపీ ఏడుపూ ఒకేసారి వస్తాయని ఇంత వయసొచ్చాక తెలిసింది.

చాచా నాకు చుట్టం కాదు. కోరుట్లలో ట్రాక్టర్లు బాగు చేసే మిస్త్రి. ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. పిల్లలకు చాచా, ముసలివాళ్లకూ చాచాయే. తన ట్రాక్టరు వెనక ఒక ఇనుప డ్రమ్ము బిగించుకున్నాడు. దానికి చిటికెనవేలంత లావు ఇనుపతాడు చుట్టి ఉండేది. ఇంజను జోరుతో డ్రమ్ము తిరుగుతుంటే తాడు దానికి చుట్టుకునేది. తాడు కొసన కట్టిన మొద్దు గుట్ట మీద నుంచి మెల్లగా కదిలి కిందికి వచ్చేది. ఇంగ్లీషులో దాన్ని వించి అంటారని తరువాత విన్నాను. మాకు మాత్రం అది చాచా చర్ఖి. మీలో కోరుట్ల, మల్లాపూర్ దిక్కు వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని చూసే ఉంటారు.

తెలంగాణ కొట్లాట జోరు మీదున్న ఏడాది అది. సమ్మెతో బస్సులు నిలిచిపోయాయి, కాలేజీలు బంద్ అయ్యాయి. ముత్యంపేట దగ్గర గుట్ట పక్కన మా పట్టా భూమిలో మా నాయన పెట్టిన టేకు చెట్లు ఒక గాలివానకు ఒరిగిపోయాయి. అటవీ ఆఫీసు నుంచి అనుమతి తెచ్చుకున్నాను గానీ మొద్దులు దించేది ఎట్లా? నడుమ వాగు, దాని అవతల రాళ్లు. ఎడ్లు ఎక్కవు, ట్రాక్టరు పోదు. చాచాకు కబురు పెట్టాను.

వచ్చినవాడు వెంటనే పనికి దిగలేదు. చేతిలో ఒక కట్టె పట్టుకుని గుట్ట ఎక్కి, పడి ఉన్న ఒక్కొక్క మొద్దు చుట్టూ తిరిగాడు.

"ఏం సూస్తున్నవ్ చాచా, పిల్లను సూడవచ్చినట్టు?" అన్నాను.

"ఎట్ల పండుకున్నదో సూడకుండ లేపితే మనిషికే కోపమొస్తది తమ్మీ. ఇది మొద్దాయె" అన్నాడు.

తరువాత గొడ్డలి తీసుకుని ప్రతి మొద్దు ముందు కొసను నాగలి కర్రులాగా చెక్కాడు. అట్లా ముక్కు చెక్కితే అది నేలలో గుచ్చుకోదట. ట్రాక్టరును వాగు ఇవతల ఆపి, గుంజేటప్పుడు బండి జరగకుండా వెనక ఉన్న ఇనుప పలకను నేలలోకి దింపాడు. తాడు లాక్కుంటూ పోయి మొద్దుకు కట్టి వచ్చాడు. ఇంక ఇంజను పెంచుతాడనుకున్నాను. పెంచలేదు. సీటు కింద నుంచి ఒక గోనెసంచి తీసి, వాగులో ముంచి, నీళ్లు కారుతుండగానే తాడు నడుమ వేలాడేశాడు.

"తాడుకు జెరమొచ్చిందా చాచా, తడిగుడ్డ ఏస్తున్నవ్?"

"తాడుకు రాదు. తెగితే మనకొస్తది."

గుంజేటప్పుడు తాడుకు ప్రాణం ఉంటుందని ఆయన నమ్మకం. తెగిందంటే పాములాగా లేచి కొడుతుంది. బరువైన తడిసంచి మీద ఉంటే లేవలేక నేలకు పడుతుంది. అందుకే ఆ సంచి. అయితే తాడు చుట్టుకుంటున్నకొద్దీ సంచి కూడా దానితోపాటు ట్రాక్టరు దగ్గరికి వచ్చేది. అప్పుడు ఇంజను నిమ్మళం చేసి, దిగి, సంచిని తీసుకుపోయి మళ్లీ ముంచి, మళ్లీ నడుమ వేసి వచ్చేవాడు. ఒక్క మొద్దు దిగేలోపు ఈ తిరుగుడు ఎన్నిసార్లో! చూసేవాళ్లకు ఓపిక చచ్చేది. ఆయనకు చావలేదు.

ఒకరోజు మా చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే బంతులు. పనికిరాని వంకర మొద్దులు పొయ్యిలకు ఇస్తానని నేనే మాట ఇచ్చాను. ఎండ నెత్తి మీదికి వచ్చినా కట్టెలు చేరకపోయేసరికి శిబిరంలో ఉన్న పిల్లలంతా గుట్టకే వచ్చేశారు. డిగ్రీ చదివే నా బిడ్డ కూడా, కాలేజీ బంద్ కదా, వాళ్లతో పాటలు పాడుకుంటూ వచ్చింది. చేతిలో నాకూ చాచాకూ సద్దిగిన్నె.

"చాచా, నీ మొద్దు వచ్చేటాలకు తెలంగాణ అచ్చేటట్టున్నది!" అన్నాడొకడు.

"రెండూ ఇయ్యాల్నే అస్తే మంచిదే గద బేటా. జర పక్కకు జరుగు."

"గా సంచి ఇడిసిపెట్టరాదు! ఆడ ఎసరు మసులుతున్నది."

"సంచి లేంది నేను గుంజ. నీకు తొందరుంటె మొద్దును భుజానేసుకో."

అందరూ నవ్వుకుంటూ వెనక్కి జరిగారు. సంచి ఎండకు ఆరిపోయింది. చాచా నా బిడ్డను పిలిచి, "బేటీ, జర తడిపి తేవా" అన్నాడు. అది సద్దిగిన్నెను ఒక బండ మీద పెట్టి, సంచిని వాగులో ముంచి, బట్టలన్నీ తడుపుకుంటూ మోసుకొచ్చింది. ఆయన దాన్ని తాడు మీద వేసి, ఇంజను దగ్గరికి పోయి, మళ్లీ వెనక్కి తిరిగి చూశాడు.

"ఇంక దూరం బేటీ. ఇంక. ఆ చింతచెట్టు అవతలికి."

"గంత దూరమా చాచా? ఏం కనవడది!"

"కనవడకున్నా మంచిదే. నడువు."

మూతి ముడుచుకుని నడిచింది. ఇంజను మోత పెరిగింది. మొద్దుకు ఒక రాయి అడ్డం పడింది, తాడు బిర్రుగా సాగింది. తుపాకి పేలినట్టు ఒక్క చప్పుడు. తాడు తెగింది.

కళ్లు మూసి తెరిచేలోపు అయిపోయింది. లేవబోయిన తాడు మీద తడిసంచి బరువుగా పడింది. తాడు నేలను కోసుకుంటూ పోయి బండ మీది సద్దిగిన్నెను ఎగరగొట్టింది. నా బిడ్డ అంతకుముందు నిలబడ్డ చోటు ఆ బండ పక్కనే. ఇప్పుడు ఆమె చింతచెట్టు అవతల ఉంది.

చాచా ఇంజను ఆపాడు. తాడు దిక్కు చూడనే లేదు. నేరుగా నా బిడ్డ దగ్గరికి పోయి నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"భయపడ్డవా బేటీ?"

"లేదు చాచా. మీ అన్నమే పోయింది" అంది. అని ఆయన భుజం మీద పడి ఏడ్చింది. గుట్ట మీద ఉన్నవాళ్లమంతా ఏడ్చాం, నవ్వాం.

సంచి ఇడిసిపెట్టమన్న పిల్లవాడు ఆ సంచిని తీసుకుపోయి వాగులో ముంచి తెచ్చాడు. చాచా కొత్త తాడు వేసేదాకా దాన్ని చేతుల్లో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నీళ్లు వాడి చెప్పుల్లోకి కారుతున్నాయి.

వంటావార్పు ఆ రోజు ఆలస్యంగానే అయింది. రోడ్డు మీద బంతిలో చాచా నా పక్కన కూర్చున్నాడు. ఎవరో, "ఇంత కొట్లాడుతున్నం, ఎప్పుడొస్తది చాచా తెలంగాణ?" అని అడిగారు. ఆయన ముద్ద కలుపుతూ, "పెద్ద మొద్దు ఒక్క గుంజుకు రాదు. జర గుంజాలె, ఆగాలె, సూడాలె, మల్ల గుంజాలె. తాడు మాత్రం ఇడువొద్దు" అన్నాడు. రాష్ట్రం వచ్చిన రోజు గడ్డం నిండా గులాల్ రంగుతో మా ఇంటికి వచ్చినప్పుడు ఆ మాట గుర్తు చేస్తే, "నేనన్నానా? ఆకలి మీద ఏమన్ననో ఏమో" అని నవ్వాడు.

సొట్టపోయిన ఆ సద్దిగిన్నెను బాగు చేయిస్తానంటే నా బిడ్డ ఒప్పుకోలేదు. బతుకమ్మ పండుగకు అందులోనే సత్తుపిండి పెట్టి కోరుట్లకు పంపేది. మా దిక్కు వచ్చిన గిన్నెను ఉత్తగా తిరిగి పంపరు. రంజాన్‌కు అది షీర్ ఖుర్మాతో మా ఇంటికి వచ్చేది. సొట్ట ఉన్న దిక్కు పాలు ఎప్పుడూ కొంచెం తొణికి ఉండేవి.

ఒకసారి మా టేకు దూలాలు సిరిసిల్లలో మగ్గాలు నడిపే వాళ్ల షెడ్డుకు తీసుకుపోయాం. దింపాక ఆ ఇంటి పెద్దమనిషి చాచాకు ఒక తువ్వాల కప్పాడు. దారి పొడుగునా దాన్ని తడిమి చూసుకుంటూనే వచ్చాడు. "నేసినోనికి తెలుస్తది తమ్మీ, పోగు ఎక్కడ తెగుతదో. ఇనుపతాడుల తెలువది. పైకి మంచిగనే కనవడుతది. అందుకే నాకు సంచి" అన్నాడు. ఆనాటి తాడు గురించి ఆయన మాట్లాడింది అదొక్కసారే.

పిల్ల పుట్టిన సాయంత్రం మొదట ఫోను చేసింది ఆయనకే. ఆస్పత్రి ఎగిరిపోయేటట్టు అరిచి చెప్పాను. ఆయన గొంతు అప్పటికే సన్నబడింది. "మాషా అల్లా! తల్లికి జెప్పు, చింతచెట్టు అవతల నిలవెట్టినందుకు నాకు మనుమరాలు అచ్చిందని" అన్నాడు. తరువాత దగ్గు, దగ్గులో నవ్వు. నేను విన్న చివరి మాట అదే. పిల్ల పుట్టిందని తెలిసే పోయాడు. ఆ ఒక్క తృప్తి నాకు చాలు.

కబురు విన్నాక, బాలింతకు ఇప్పుడే చెప్పొద్దనుకున్నాను. లోపలికి పోయి, "కోరుట్ల దాకా పోయొస్త బిడ్డా, పనుంది" అన్నాను. అది నా ముఖం చూసింది. పిల్లను గుండెకు దగ్గరగా జరుపుకుంది.

"బాపు, గా సంచి ఇంకా ఉన్నదా?"

"ఉంటది బిడ్డా."

"తడిపి రా."

కోరుట్లలో జనాజాకు భుజం పట్టాను. మన్ను వేశాను. ఆయన మీద వేసిన వస్త్రం పక్కన నా చెయ్యి ఎంత ముతకగా ఉందో అనిపించింది. తిరిగి ఇంటికి వచ్చేసరికి జనం పలచబడ్డారు. వాకిట్లో రేకుల కప్పు కింద ట్రాక్టరు నిలబడి ఉంది. వెనక డ్రమ్ముకు తాడు చుట్టి ఉంది. నూనె పెట్టి తుడిచి ఉంది. సీటు కింద చెయ్యి పెడితే సంచి దొరికింది. ఎండి అట్టలాగా ఉంది.

పెద్దకొడుకు, "ఏం జేస్తున్నవ్ కాకా?" అని అడిగాడు. చెప్పాను. వాడే పోయి నల్లా తిప్పాడు.

తాడును గుంజేది లేదు, కట్టిన మొద్దు లేదు. అయినా సంచిని బాగా నానబెట్టి, డ్రమ్ముకు చుట్టిన తాడు మీద ఆయన వేసినట్టే రెండు దిక్కులా సమంగా వేలాడేసి వచ్చాను. గేటు దగ్గర తిరిగి చూస్తే, కొసల నుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కా ట్రాక్టరు కింది మట్టిలో పడుతున్నాయి.