వాసన లేని చేప వద్దన్న పిల్లి

మాది నిజాంపట్నం. ఏడో తరగతిలోనే బడికి సెలవిచ్చేసి, తోపుడు బండి మీద చేపలు అమ్ముకుంటున్నాను. "నా చేప దగ్గర వాసన రాదు" అన్నది నా గొప్ప.

పోయిన వానాకాలం మా పిల్లి రాణి జలుబు చేసి మూడు రోజులు ముద్ద ముట్టలేదు. తాజా వంజరం పెట్టినా మొహం తిప్పుకుంది. రేపల్లెలో పశువుల డాక్టరుగారు మందిచ్చి, "ముక్కు మూసుకుపోయిందయ్యా. వాసన తెలియందే పిల్లి తినదు. ఇవాళైనా తినకపోతే బతకడం కష్టం" అన్నారు.

వాసనొచ్చే చేప నా ఇంట్లో ఎక్కడిది? ఎదురింటివాళ్ళను ఎండు నెత్తళ్ళు అడిగి తెచ్చి, కడిగి ఉడకబెట్టాను. వీధంతా కంపు. సరిగ్గా అప్పుడే, ఎప్పుడూ నా దగ్గరే చేపలు కొనే సుబ్బాయమ్మ పిన్ని ముక్కు మూసుకుని గుమ్మంలోకొచ్చింది.

"ఏంట్రా అబ్బాయ్, వాసన రాదంటూ మాకమ్మేది ఇదేనా?"

"మీక్కాదు పిన్నీ, రాణిగారి ఆర్డరు!" అంటూ వేలితో ముద్ద అందించాను. రాణి ముక్కు ఎగబీల్చి, ముద్దతోపాటు నా వేలూ కొరికింది. కెవ్వుమన్నాను, సంతోషంతోనే.

నా ఇంట్లో కంపు చేప ఉడికిందని పిన్ని ఊరంతా చాటింది. మర్నాడు బండి దగ్గర ప్రతివాళ్ళూ చేపను రెండేసిసార్లు వాసన చూసి మరీ కొన్నారు. చూడనివ్వండి. ముక్కు పనిచేయడం ఎంత అదృష్టమో నాకు రాణి నేర్పింది.