తడి రంగు మీద బొట్టు

మొన్న పిస్కాటవే లైబ్రరీలో ఆ ఊరి పాత చిత్రకారుల బొమ్మలు పెట్టారంటే మనవరాలిని తీసుకెళ్ళాను. అది ఒక బొమ్మ ముందు ఆగి, "అమ్మమ్మా, ఈ ఆంటీ వైట్ కదా, బొట్టెందుకు పెట్టుకుంది?" అంది. పక్కనున్న గైడు, ఆ ఎర్రచుక్క అస్తమించే సూర్యుడికి గుర్తని ఎవరికో చెబుతోంది. నాకు నవ్వాగలేదు. ఆ సూర్యుణ్ణి అక్కడ పెట్టింది మా అమ్మ.

డెబ్భైల చివర మాట. మేం అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఒక జర్మన్ పెద్దాయన ఉండేవాడు. యుద్ధానికి ముందే దేశం వదిలి వచ్చేశాట్ట. పొట్టకూటికి షాపుల బోర్డులు రాసేవాడు, తనకోసం బొమ్మలు వేసుకునేవాడు. మెట్లదాకా రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన. నా వేవిళ్ళకి అదొక శిక్ష. అయినా కాఫీకి పిలిస్తే కాదనలేకపోయేదాన్ని, ఈ పరాయి దేశంలో నాకు దొరికిన చిక్కటి కాఫీ అదొక్కటే మరి. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆయన ఆవిడ బొమ్మే వేస్తున్నాడు. గౌను, చేతులు, కుర్చీ ఎప్పుడో అయిపోయాయి. ముఖం మాత్రం పొద్దున వేయడం, ఇది ఆవిడ కాదంటూ సాయంత్రం చాకుతో గీకేయడం. ఫోటో చూసి వేయండి అంటే, ఫోటోలోనూ ఆవిడ లేదనేవాడు. చూపు మందగిస్తోంది, ఆ ముఖం కుదరకుండానే చీకటైపోతుందని ఆయన బెంగ.

నా పురిటికి అమ్మ వచ్చింది. ఆయన జర్మన్‌లో, ఈవిడ తెలుగులో గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఒక శుక్రవారం పులిహోర ఇచ్చొస్తానని కిందికి దిగింది. తలుపు తీసే ఉంది, ఆయన సిగరెట్లకి వెళ్ళాడు. పోయినవాళ్ళ పటాలకి శుక్రవారం బొట్టు పెట్టడం అమ్మకి అలవాటు. రంగు తడారని ఆ బొమ్మ నుదుటి మీద ఇంత కుంకుమ అద్ది, పైకొచ్చి నిమ్మళంగా చెప్పింది. అమ్మని వెంటబెట్టుకుని గబగబా కిందికి దిగాను. ఇద్దరం వెళ్ళేసరికి ఆయన చాకు పట్టుకుని బొమ్మ ముందు నిలబడి ఉన్నాడు. నేను క్షమాపణలు మొదలుపెడుతుంటే అమ్మ అడ్డుపడింది.

"భర్త చేతులమీదుగా వెళ్ళిన తల్లి. అంత నిండుగా నవ్వుతుంటే బొట్టు లేకుండా ఎలా వదిలేస్తానే?"

ఇంగ్లీషులో చెప్పాను. ఆయన బొమ్మకి దగ్గరగా వంగి చూశాడు. నవ్వుతోందందా అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను.

"మీ అమ్మకి ఇక్కడ మనిషి కనబడింది. ఇంక గీకను," అని చాకు పక్కన పెట్టి, కుంచె తీసుకుని బొమ్మ మూల సంతకం చేశాడు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే మేం అటు తిరిగి పులిహోర వడ్డించాం.

ఇదంతా చెబితే మనవరాలు బొమ్మకేసి చేయి ఊపి, "హాయ్ ఆంటీ" అంది. నాకు అమ్మ మీద ఒక్కసారిగా బెంగ పుట్టుకొచ్చింది. ఆయన్నీ అమ్మనీ తీసుకుపోయిన కాలం, ఆ చిటికెడు కుంకుమని మాత్రం ఇంకా గీకలేకపోయింది.