వెనకాల గుడ్డ ఉన్న రాయి

గన్నవరంలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు అది. గుమ్మం పక్క గోడకు వారం కిందట అంటించిన పాలరాతి పలకల్లో ఒకదాని రంగు కలవలేదని, తీసి వేరేది పెట్టమని సైటు ఇంజనీరు గోపీనాథ్ చెప్పాడు. తను అంటించిన పలక ఊడదని, ముక్కలు చేసి తీయాల్సిందేనని ఏడుకొండలు అనుకున్నాడు. అనుకోవడమేమిటి, కాస్త గర్వపడ్డాడు కూడా. తాపీ మొన అంచున పెట్టి ఇలా కదిపాడో లేదో, పలక మొత్తం రెండు చేతుల్లోకి వచ్చేసింది.

తిప్పి చూశాడు. వీపు నున్నగా ఉంది, గమ్ము మరకన్నా లేదు. గమ్మంతా గోడకే ఉంది, దాని మీద తెల్లటి జాలీగుడ్డ అంటుకుని ఉంది.

"తేలిగ్గానే వచ్చేసిందే మేస్త్రీ గారూ," అన్నాడు గోపీనాథ్ ఫోను చూసుకుంటూ.

ఏడుకొండలు ఆ వీపు కనపడకుండా పలకను గబుక్కున గోడకు ఆనించేశాడు. ఎందుకో తెలియాలంటే ముందు ఈ మనిషి సంగతి తెలియాలి.

ఏడుకొండలుది మంగళగిరి. ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా మగ్గం మీద కూర్చున్నవాడు. మగ్గం కూడు పెట్టడం మానేశాక, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంటను ఇసకతో పూడ్చి, పైన బండలు తనే పరిచాడు. అలా తగులుకుంది ఈ పని. తరవాత పాల్ మేస్త్రి దగ్గర ఆరేళ్లుండి తీరుగా నేర్చుకున్నాడు. తెల్లరాయికి తెల్ల గమ్మే వాడాలి, బూడిదరంగుదైతే రాయిలోంచి నీడలా కనపడుతుంది. నాలుగు ముద్దలు పెట్టి అతికించడం కాదు, పళ్ల తాపీతో వీపంతా నిండుగా పుయ్యాలి. అన్నీ విన్నాడు. ఒక్కటి వినలేదు.

ఈ మధ్య వచ్చే పలకలకు, దారిలో విరక్కుండా, వెనకాల జాలీగుడ్డ అంటించి పంపుతున్నారు. గోడకు పెట్టేముందు దాన్ని గ్రైండరుతో గీకేసి, రాయి కనపడ్డాకే గమ్ము పుయ్యమన్నాడు పాల్. ఏడుకొండలు నవ్వాడు.

"నేతగాడికి గుడ్డ సంగతి చెబుతావా మేస్త్రీ? నూలు ఉన్నచోటే గంజి పట్టేది. నున్నటి రాయికేం పడతది?"

చింత చచ్చినా పులుపు చావలేదంటారే, అదీ. మగ్గం పోయి పద్దెనిమిదేళ్లయినా గుడ్డ మీద నమ్మకం పోలేదు. గమ్ము గుడ్డను గట్టిగానే పట్టుకుంది మహానుభావా, గుడ్డే రాయిని వదిలేసింది.

అలా గుడ్డతోనే అంటించినవి ఇది కాక ఇంకో ఐదు గోడలున్నాయి. మొదటిది సత్యనారాయణపురంలో వీణ నేర్పే బాలసరస్వతి గారిది. వీధి గుమ్మం పైన ఎనిమిది పలకలు, ఒక్కోటి పాతిక కిలోలు. రోజూ ఐదింటికి పిల్లలు చెప్పులు విప్పేది సరిగ్గా వాటి కిందే. పైగా ఆ పలకల సందులన్నీ సీలెంటుతో బిగించి, పిట్టగోడ కిందున్న పై అంచును మాత్రం ఎవరు చూడొచ్చార్లే అని వదిలేశాడు. రెండు వానాకాలాలుగా నీళ్లు పైనుంచి దిగుతూనే ఉండుంటాయి. బయటికి పోయే దారి తనే మూసేశాడు.

నాలుగు కావొస్తోంది. ఇంట్లో బాగాలేదని గోపీనాథ్‌కు చెప్పి బస్సెక్కాడు. బాలసరస్వతి గారికి ఆరుసార్లు ఫోను చేశాడు. పాఠం వేళకు ఆవిడ ఫోను ఎక్కడో పడేస్తారు. రెండేళ్లు నిలబడింది, ఇవాళే పడుతుందా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఇంకా భయమేసింది. రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగితే, దిగి కొంత దూరం పరిగెత్తి ఆటో ఎక్కాడు.

వెళ్లేసరికి గుమ్మం ముందు తొమ్మిది జతల చెప్పులున్నాయి. పదో జత శాంభవిది. ఆరేళ్ల పిల్ల, ఒక చెప్పు విప్పి రెండోదాని బకిల్ ఊడక గడప మీద చతికిలబడి తంటాలు పడుతోంది. ఏడుకొండలు మాటా మంతీ లేకుండా ఆ పిల్లను ఎత్తుకుని లోపలికి దూకాడు. పిల్ల కెవ్వుమంది.

"ఏంటి ఏడుకొండలూ? ఏమైంది?" బాలసరస్వతి గారు వీణ దించి లేచారు.

"పిల్లల్ని పెరటి వైపు నుంచి పంపెయ్యండమ్మా. ఆ గుమ్మంలోంచి వద్దు. రాళ్లు పడతాయండి. నేనే సరిగ్గా అంటించలేదు."

ఆవిడ చీపురు కర్ర తీసుకుని, లోపలే నిలబడి చెయ్యి చాచి ఒక్కో పలకనూ తట్టారు. తీగల మీద బతికిన చెవి కదా. మూడో దగ్గర ఆగిపోయారు.

"ఆషాఢం నుంచి దీని గొంతు మారింది. తలుపు వేసినప్పుడల్లా వింటున్నాను. బల్లి అనుకున్నానయ్యా." ఆవిడ కర్ర దించి అతని వైపు తిరిగారు. "రెండేళ్లు నా పిల్లల్ని దీనికింద నిలబెట్టావా?"

ఏడుకొండలు పెరటి దారిన పక్కింటికెళ్లి నిచ్చెన అడిగి తెచ్చాడు.

పిల్లలు వెళ్లాక పక్కింటాయన నిచ్చెన పట్టుకున్నాడు. ఏడుకొండలు వారగా నిలబడి మొదటి పలక అంచున తాపీ పెట్టాడంతే, మూడోది ఊడింది. శాంభవి కూర్చున్న చోటే గడప మీద పడి రెండు ముక్కలైంది. వదిలేసి వెళ్లిన ఆ పిల్ల చెప్పు ఒకటి దాని కింద ఉండిపోయింది. ఏడుకొండలు మిగతా ఏడూ దించాకే నిచ్చెన దిగాడు.

"ఇలాంటివి ఇంకా ఎన్ని?" అడిగారు బాలసరస్వతి గారు.

"గన్నవరంది కాక నాలుగు గోడలండి."

"మనుషులు ఎక్కువ తిరిగేది ఎక్కడ?"

"ఇబ్రహీంపట్నంలో ట్యూషన్ సెంటరండి. మెట్ల దగ్గర."

"వదిలేది ఎప్పుడు?"

"ఆరింటికి."

ఆవిడ గోడ గడియారం వైపు చూశారు. ఆరుకు పది నిమిషాలుంది.

"ముందు ఫోన్ చెయ్యి."

గమ్ము ఎండిన వేళ్లు అద్దం మీద పలకలేదు. చొక్కాకు తుడుచుకుని మళ్లీ నొక్కాడు. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి నొక్కాడు. మోగుతూనే ఉంది.