చావింటి గడప దగ్గర చెప్పిన మాట

ఈ ఉదయం మా తమిళనాటి ధర్మపురి బస్టాండులో నేలవేము కషాయం పోస్తున్నారు. జ్వరాల కాలం వచ్చిందంటే ఒక మూల స్టీలు డ్రమ్ము పెట్టి, వచ్చేపోయేవాళ్లకు కాగితపు కప్పుల్లో పంచడం ఇక్కడ మామూలే. సేలం బస్సు వదిలిన పొగను కూడా లెక్కచేయకుండా ఆ చేదు వాసన నా దాకా వచ్చింది. కప్పు అందుకుని, ముక్కు మూసుకుని గటగటా తాగబోయి ఆగిపోయాను. "ముక్కు మూసుకుంటే చేదు తగ్గుతాదా పాపా? తెలిసే తాగు" అనే గొంతు గుర్తొచ్చింది. అది జయక్క గొంతు. కరోనా కాలంలో నాకు పని నేర్పిన మనిషి ఆమె. పోయి ఏడాది దాటింది. అయినా ఈ కషాయం వాసన తగిలితే చాలు, పాత మోపెడ్ మీద ఎదురుగా వచ్చి నిలబడినట్టే ఉంటుంది.

ఏ. పళ్లిపట్టి అనే ఊరి పక్క పల్లెలకు జయక్క నర్సు. మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మాస్కు కట్టుకున్నా ఆ గొంతు వీధి చివరికి వినిపించేది. ఇల్లిల్లూ తిరిగి జ్వరం చూడడం, వేలికి మిషను పెట్టి ఊపిరి లెక్క చూడడం, కషాయం పొడి ఇవ్వడం ఆమె పని. ఫోనులో ధైర్యం చెప్పడం నా పని. అప్పుడే చదువు ముగించి, మనసు బాగోగులు చూసే విభాగంలో తాత్కాలిక ఉద్యోగానికి చేరాను. చేతిలో పట్టా ఉందని కాస్త మిడిసిపాటు కూడా ఉండేది. జయక్క తన నోటుపుస్తకంలో జనం కష్టాలు తెలుగులో రాసుకునేది. ఆఫీసులో ఆ అక్షరాలు చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఒకరి గుట్టు ఇంకొకరికి తెలియదని ఆమె ధీమా. అప్పట్లో నాకూ తెలుగు చదవడం రాదు. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె చలవే.

నా చేతిలో ఒక ప్రశ్నల కాగితం ఉండేది. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అని మొదలై, చివరికి, చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా అనే ప్రశ్న దగ్గర ఆగేది. నేను ఆ చివరి ప్రశ్న ఎవరినీ అడగలేదు. అందరికీ "లేదు" అని నేనే గీత గీసేశాను. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను. మా అవ్వ చేతిలో పెరిగినదాన్ని నేను. మా ఇంట్లో బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం పెట్టే వేళ తుమ్మినా అవ్వ ఊరుకునేది కాదు. అలాంటి ఇంట్లో పెరిగి, జ్వరంతో ఉన్న మనిషికి ఫోను చేసి చావు మాట ఎలా ఎత్తుతాను? ఎత్తితే ఆ పాపం నాకే చుట్టుకుంటుందని భయం. పట్టా ఎంత పెద్దదైనా అవ్వ మాట దానికంటే పాతది కదా.

ఒకరోజు జయక్క ఆఫీసుకు వచ్చి, తన పల్లెల వాళ్ల కాగితాలు చూపించమంది. ఒక్కొక్కటే తిరగేస్తూ కమల కాగితం దగ్గర ఆగింది. కమల భర్త బెంగళూరులో మేస్త్రి పని చేసేవాడు. జ్వరంతో ఊరికి వచ్చి, వారం తిరక్కుండా ఆస్పత్రిలో పోయాడు. శవం ఇంటికి రాలేదు. పదహారో రోజు చేయవలసిన కర్మ జరగలేదు. కరోనా ఇల్లని ఎవరూ రాకుండా చుట్టూ కట్టిన తగరపు రేకులు తీసేసినా ఎవరూ ఆ గడప తొక్కలేదు. నేను ఫోను చేసినప్పుడు కమల "బాగుండాను మేడం" అంది. నేను సంతోషంగా రాసుకున్నాను.

"అందరికీ ఒకే మాదిరి గీత పడిందే. అడిగే గీసినావా?" అంది జయక్క. నేను నేల చూపులు చూశాను. తిడుతుందని కాచుకున్నాను కానీ తిట్టలేదు. కాగితాలు బల్ల మీద పెట్టి, బండెక్కమంది.

మేము పోయేసరికి కమల తిన్నె మీద కూర్చుని ఉంది. పక్కన ఏడేళ్ల కూతురు. జయక్క దూరంగా నిలబడి ముందు బిడ్డను పలకరించి, ఎదురింటి అవ్వ దగ్గర ఆడుకోమని పంపింది. తరువాత తలుపు పక్క మేకుకు తగిలించిన, లోపలిది కనిపించే ప్లాస్టిక్ సంచీ వైపు చూసింది. నేనూ చూశాను కానీ నాకది వట్టి సంచీ. అందులో రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, బిడ్డ పుట్టిన పత్రం మడత నలగకుండా సర్ది ఉన్నాయి. ఎవరికిచ్చేదానికి ఇవి అని జయక్క అడిగింది. ఎదురింటి అవ్వకు అని కమల తల వంచుకునే చెప్పింది.

"చచ్చిపోవాలని ఉండాదా కమలా నీకు?"

కూర ఏమి చేసినావని అడిగినంత మామూలుగా అడిగింది. ఆ మాట ఎవరైనా విన్నారేమోనని నేను వీధి వైపు చూశాను.

"నాలుగు దినాలుగా అదే తలంపు అక్కా," అంది కమల. "ఎవురూ అడగలేదు."

ఆ మాట నన్ను చెంప మీద కొట్టినట్టు తగిలింది. అడగడానికే జీతం తీసుకుంటున్నదాన్ని నేను. జయక్క తిన్నె రెండో కొసన కూర్చుంది. కమల ఏడ్చింది, తిట్టింది, భర్త ముఖం చివరిసారి చూడనివ్వలేదని మళ్లీ మళ్లీ చెప్పింది. జయక్క ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు. ఆ ఏడుపు కాస్త తెరిపిచ్చాక అక్కడి నుంచే జిల్లా ఆస్పత్రిలో మనసు డాక్టరుకు ఫోను చేసి, మరునాటికి మాట తీసుకుంది. వత్తల్‌మలై కొండ మీద ఉన్న కమల చెల్లెలికి ఫోను చేసి బయలుదేరమంది. ఆమె వచ్చేదాకా కమలను ఒంటరిగా వదలొద్దని ఎదురింటి అవ్వకు అప్పజెప్పింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. చావింటి నుంచి బయలుదేరేటప్పుడు "పోయొస్తాను" అనకూడదని మా వైపు గట్టి పట్టింపు. అంటే మళ్లీ అలాంటి పనికే ఆ ఇంటికి రావలసి వస్తుందట. పలకరించడానికి వచ్చినవాళ్లు తల వంచుకుని, ఏమీ చెప్పకుండానే జారుకుంటారు. జయక్క అలా జారుకోలేదు. గడప ముందు నిలబడి, తన పెద్ద గొంతుతో "రేపొస్తా కమలా, పది గంటలకు" అంది. ఎదురింటి అవ్వ ఉలిక్కిపడి, నర్సువైతే మాత్రం చావింట్లో ఆ మాట అనవచ్చునా అని కసిరింది.

"చెప్పకుండా పోతే ఈ కమల రేపు ఎవురి కోసరం కాచుకోని ఉంటాది అవ్వా?" అంది జయక్క.

దారిలో జయక్క బండి నెమ్మదిగా నడుపుతూ నాతో చెప్పింది. "అడిగితే ఆ తలంపు వస్తుందని నీ భయం. అది ముందే వచ్చి కూర్చోని ఉంటాది పాపా. అడిగితే బయటికి దారి దొరుకుతాది." ఆ సాయంత్రం నుంచి నేను పాత కాగితాలన్నీ ముందు వేసుకుని, ఒక్కొక్కరికీ మళ్లీ ఫోను చేశాను. మొదటి మనిషిని ఆ చివరి ప్రశ్న అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. అడిగినందుకు దండం పెడుతున్నానన్నాడు.

జయక్క చెప్పినట్టే మరునాడు పది గంటలకు పోయి, కమలను డాక్టరు దగ్గరికి పిలుచుకుని వచ్చింది. ఆ తరువాత రోజూ పోయింది. వాన పడి బండి మొరాయించిన రోజు బురదలో నడిచి పోయింది. ఎన్ని మాటలు చెప్పిందో తెలియదు కానీ, చెప్పిన వేళకు మాత్రం తప్పలేదు. చివరికి ఆమెకే జ్వరం వచ్చింది. ఊపిరి ఎగబోస్తూ నాకు ఫోను చేసి, తన సంగతి ఒక్క ముక్క కూడా చెప్పకుండా, పది గంటలకు కమల ఇంటికి పొమ్మంది. మాట తనది, పోవలసింది నేను.

ఒక్కదాన్నే పోయాను. కమల గడప దగ్గర నిలబడి దారి చూస్తోంది. నన్ను చూసి ముఖం వాడిపోయింది. అక్కకు జ్వరమని చెబితే లోపలికి పోయి, వేడి కషాయం గ్లాసులో పోసి తెచ్చి తిన్నె మీద పెట్టింది. దుఃఖంలో ఉన్న మనిషే నాకు మర్యాద చేసింది. ఆమె చెప్పింది విన్నాను, అంతే. లేచే వేళకు మా అవ్వ పెంపకం అడ్డం వచ్చింది. ఎలాగో దాన్ని దాటి, రేపొస్తాను అన్నాను.

"ఎన్ని గంటలకు?" అంది కమల.

ఆ రెండు ముక్కల్లో ఎంత బతుకు ఉందో ఆ రోజు తెలిసింది. బస్సు ఎక్కి ధర్మపురి చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

జయక్క కోలుకుంది, మళ్లీ బండెక్కింది, కొన్నాళ్లకు రిటైరు అయింది. కమల ఇప్పుడు బడిలో వంట చేస్తోంది. కూతురు తల్లి భుజం దాకా ఎదిగింది. పోయినేడు ఒక మధ్యాహ్నం జయక్క నిద్రలోనే పోయింది. ఈసారి జనం రావడానికి అడ్డు లేదు, వీధి పట్టలేదు. ఆమె తలుపు తట్టిన ఇళ్లన్నీ కదిలి వచ్చాయేమో అనిపించింది. జయక్క దంపతులకు పిల్లలు లేరు. ఆమె భర్త గడప పక్క కుర్చీలో, మన్ను పట్టిన విగ్రహంలా కూర్చుని ఉన్నాడు. అంతా ముగిశాక జనం పద్ధతి ప్రకారం తల వంచుకుని, మాట లేకుండా ఒక్కొక్కరే జారుకున్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నేనూ జారుకోబోయాను. నా వెనక నుంచి కమల ముందుకు పోయి ఆయన ఎదుట నిలబడింది.

"రేపొస్తా, అన్నా. సంగటి చేసుకోని వస్తా."

ఎవరూ కసరలేదు. అప్పటిదాకా ఎవరినీ చూడని ఆయన మెల్లగా తల ఎత్తాడు.

"ఎన్ని గంటలకమ్మా?"

కప్పులో కషాయం చల్లారింది. ముక్కు మూసుకోకుండానే తాగాను. వత్తల్‌మలై బస్సు వచ్చి నిలబడింది. అక్కడ కొడుకును పోగొట్టుకున్న తల్లి ఒకామె ఉంది. పదకొండు గంటలకు వస్తానని నిన్న ఆమె గడప దగ్గర చెప్పి వచ్చాను.