గూడబాతుల ఊళ్ళో మేళం లేని పెళ్ళి

గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి మెడదాకా దూరి చేపలు తింటుందని మా ఆఫీసులో కోటబొమ్మాళి గుమాస్తా ఒకాయన చెప్పిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. విజయనగరంలో కాకులకీ గోరింకలకీ ఫొటోలు తీసీ తీసీ విసుగెత్తి ఉన్నాను. ఆ ఒక్క ఫొటో తీయాలి, అంతే. మాఘమాసంలో ఒక ఆదివారం తెల్లవారుజామున పాసింజరెక్కి, నౌపడాలో దిగి, స్టేషను బయట ఇడ్లీలు తిని, రూపాయిన్నరకి తేలినీలాపురానికి జట్కా మాట్లాడుకున్నాను. దారంతా ఉప్పుమడులూ చిత్తడి నేలలూను. చలిగాలికి చెవులు పోటుపెట్టాయి గాని, హుషారు తగ్గలేదు.

ఊరు కనిపించగానే బండివాడు జట్కా ఆపి, గుర్రం మెడలోని గజ్జెలు విప్పేశాడు. ఎందుకని అడిగాను.

"పురిటి పిల్లలున్నారు బాబూ. సప్పుడైతే తల్లులు బెదిరి ఒక్కపాలి లేసిపోతాయి, కూనలు గూట్లోంచి రాలిపోతాయి" అన్నాడు.

ఏటా వచ్చి గూళ్ళు కట్టే ఆ పక్షుల్ని ఊరివాళ్ళు పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లాగే చూసుకుంటారట. చింతచెట్ల నిండా గూళ్ళే. తల్లులు మేతకి చిత్తడికి పోయాయి, పిల్లలు ఆకలికి గోల పెడుతున్నాయి. నాకసలే తొందరెక్కువ. తల్లులు రాకముందే ఆ పిల్లలమీదే రీలంతా తగలేసి, ఒక్క ఫొటో మిగుల్చుకుని చెట్టు కింద కూర్చున్నాను.

ఆ చెట్టు పక్కనే పెళ్ళిపందిరి. అంతలో మేళంతో సహా మగపెళ్ళివారు దిగారు. సన్నాయి ఊదబోతుంటే పెళ్ళికూతురి మామ్మ నడుమ్మీద చెయ్యేసుకుని దారికడ్డంగా నిలబడింది. మేళం వాయిస్తే పెళ్ళి లేదంది. పెళ్ళికొడుకు తండ్రి మొహం పాలిపోయింది.

"ఒక్కగానొక్క కొడుకమ్మా. తాళి కట్టినప్పుడు మేళం నేకపోతే, ఎవుడైనా తుమ్మితే? ఆ అపశకునం ఎవులు మొయ్యాలి?"

ఆయనది బెట్టు కాదు, భయం. నాకు జాలేసింది.

"తుమ్మనివ్వను నాయినా, ఆ పూచీ నాది. రేపు నీ కోడలు పురిటికి ఈ ఇంటికే వస్తాది. అప్పుడు దాని నెత్తిమీద డోలు కొడితే ఒప్పుకుంటావేటి?" అంది మామ్మ.

ఆయన చెట్లకేసి చూసి, వాయిద్యాలు కింద పెట్టమని సైగ చేశాడు.

ముహూర్తం దగ్గరపడగానే మామ్మ పందిరంతా తిరిగి అందరిచేతా ముక్కులు మూయించింది. ఉత్తరీయాలతో కొందరు, పైటకొంగులతో కొందరు. "నువ్వూ మూసుకో, పట్నం బాబూ" అంది నాతో. ఒక చేత్తో ముక్కు, ఒక చేత్తో కెమెరా పట్టుకుని నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే నెత్తిమీది కొమ్మకి తల్లి గూడబాతు వచ్చి వాలింది. ముక్కు తెరిచింది. పిల్ల మెడదాకా లోపలికి దూరిపోయింది. నేను ఇంతదూరం వచ్చింది దానికోసమే. కెమెరా పైకెత్తాను. మీట నొక్కితే టక్కుమంటుంది. పక్కన పెళ్ళికొడుకు తండ్రి కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి ఉన్నాడు. ఏ చిన్న చప్పుడైనా తుమ్మే అనుకునేలా ఉన్నాడు. ప్రాణం ఉసూరుమంది గాని, వేలు తీసేశాను.

ఆ నిశ్శబ్దంలో, మూడో ముడి వేస్తూ పెళ్ళికొడుకు గుసగుసగా అడిగిన మాట పందిరంతటికీ వినపడింది. "బిగిసిపోయిందేటి?"

"నేదు" అంది పెళ్ళికూతురు.

ముక్కులు మూసుకున్నవాళ్ళంతా ఒక్కసారి నవ్వేశారు. ఆ తండ్రి కళ్ళు తెరిచి, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. పైన తల్లి ఒకసారి కిందికి చూసి మళ్ళీ తన పనిలో పడింది.

ఆ చివరి ఫొటో కొత్త దంపతులకి తీసి, భోజనం చేసి, సాయంత్రం బండికి వెనక్కొచ్చేశాను. నేను చాలా పెళ్ళిళ్ళు చూశాను. తాళి కట్టే వేళ పెళ్ళికొడుకు పెళ్ళికూతురితో ఏమంటాడో ఏ పెళ్ళిలోనూ వినలేదు. అసలు ఏమైనా అంటాడని కూడా అనుకోలేదు. ఆ గూడబాతు ఫొటో తేలేదని ఇంట్లో అందరూ నన్ను ఆటపట్టిస్తున్నారు. నాకు మాత్రం చాలా సంతోషంగా ఉంది.

వెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా: పక్షులకి ఫొటో తీసుకోవాలంటే పంచాంగం చూసుకుని, ముహూర్తాలు లేని రోజున వెళ్ళండి. నేను మాత్రం ఈసారీ ముహూర్తం ఉన్న రోజే వెళ్తాను.